‘కాన్పుతో పోతాదిలే’

కడుపుతో ఉండగా నాకు చక్కెర వ్యాధి ఉందని తేలిన రోజున, ఎవరికి వారు నాతో చెప్పిన మాట ఒక్కటే: ‘అది కాన్పుతో పోతాదిలే.’ మా అమ్మ ఫోనులో చెప్పింది, అత్తమ్మ వంటింట్లోంచి చెప్పింది, పరీక్ష కాగితం చేతికిచ్చిన ల్యాబు అమ్మాయి కూడా నా ముఖం చూసి జాలిపడిందో ఏమో, అదే చెప్పింది. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. అయినా ఆ ఓదార్పు మాట నాకు చేసినంత కీడు, ఆ ఏడు నేను తిన్న మామిడిపండ్లన్నీ కలిసినా చేయలేదని ఇప్పుడు నా అభిప్రాయం. అది ఎంతవరకు నిజమో, ఎక్కడినుంచి నిజం కాకుండా పోతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదట నిజం సంగతి చూద్దాం. కడుపులో బిడ్డతోపాటు పెరిగే మాయ, బిడ్డకు తిండి అందించే దారి మాత్రమే కాదు. అది హార్మోన్లను తయారుచేసే ఒక గ్రంథి కూడా. హ్యూమన్ ప్లాసెంటల్ లాక్టోజన్ అనే హార్మోనును, మరికొన్నింటిని అది తల్లి రక్తంలోకి వదులుతుంది. తల్లి కండరాలు గ్లూకోజునంతా తామే లాగేసుకోకుండా, బిడ్డ వాటా రక్తంలో నిలిచి ఉండేలా చూడటం వీటి పని. అందువల్ల గర్భిణులందరిలోనూ, రక్తంలోని చక్కెరను కండరాల్లోకి పంపే ఇన్సులిన్ మాట మునుపటంతగా చెల్లదు. మాయ పెద్దదయ్యేకొద్దీ, అంటే ఆరో నెల దగ్గరి నుంచి, ఇది మరీ ఎక్కువవుతుంది. అప్పుడు క్లోమం రెండు మూడు రెట్లు ఇన్సులిన్ తయారుచేసి లెక్క సరిచేసుకోవాలి. చాలామందిలో క్లోమం ఆ పని చేస్తుంది. కొందరిలో చేయలేకపోతుంది. ఆ కొందరికే గర్భకాలపు మధుమేహం వస్తుంది. కాన్పయ్యాక మాయ పడిపోతుంది, దానితోపాటు ఆ హార్మోన్లూ పోతాయి, రోజుల్లోనే చక్కెర దిగివస్తుంది. ‘కాన్పుతో పోతాది’ అనేది ఇంతవరకు అక్షరాలా నిజం.

కానీ పోయింది మాయ. చేయలేకపోయిన క్లోమం ఎక్కడికీ పోలేదు.

మా నాయనకు పాకాల దగ్గర కొంత మెట్ట, ఒక బోరు ఉన్నాయి. రెండెకరాలకు నీళ్లు పారినన్నాళ్లూ ఆ బోరులో లోటుందని ఎవరికీ తెలియలేదు. ఒక ఏడు ఆశపడి మూడో ఎకరంలో వరి నాటితే, ఫిబ్రవరి నాటికి మోటారు నీళ్లకు బదులు గాలి కక్కడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు ఆ మూడో ఎకరం బీడు పెట్టాక నీళ్లు మళ్లీ బాగానే పారాయి. అంతమాత్రాన బోరు బాగయిందని మా వైపు రైతు ఎవడూ అనుకోడు. నీరు ఎంత లోతుకు పోయిందో ఆ ఒక్క ఏడే అతనికి తెలిసిపోయింది. గర్భం ఆ మూడో ఎకరం వంటిది.

ఇది నా సొంత ఊహ కాదు. ఈ వ్యాధికి మొదటి కొలతలు ఏర్పడిన తీరే దీనికి సాక్ష్యం. 1964లో అమెరికాలోని బోస్టన్‌లో ఓసలివన్, మహన్ అనే ఇద్దరు 752 మంది గర్భిణుల గ్లూకోజు పరీక్షల ఆధారంగా హద్దులు నిర్ణయించినప్పుడు, ఏ అంకె దాటిన స్త్రీలకు తరువాతి ఏళ్లలో మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ అన్నదే వాళ్ల ప్రశ్న. బిడ్డ బరువు, కాన్పు కష్టం అన్నవి ఆ లెక్కలోకి తరువాత వచ్చాయి. అంటే ఈ జబ్బుకు మొట్టమొదట హద్దు గీసిందే కాన్పు తరువాత ఏమవుతుందో తెలుసుకోవడానికి. అటువంటి జబ్బును కాన్పుతో ముగిసేదిగా మనం చెప్పుకోవడం నాకు వింతగా తోస్తుంది.

నా పరీక్ష 2016 మే నెలలో, ఇరవై ఆరో వారంలో జరిగింది. పరగడుపున 97, డెబ్బై అయిదు గ్రాముల గ్లూకోజు తాగిన గంటకు 191, రెండు గంటలకు 164. హద్దులు వరుసగా 92, 180, 153. మూడింటిలో ఒక్కటి దాటినా చాలు, నేను మూడూ దాటాను. ఈ అంకెల వెనుక 2008లో వెలువడిన హాపో అనే అధ్యయనం ఉంది. తొమ్మిది దేశాల్లో 23,000 మందికి పైగా గర్భిణుల్ని పరిశీలించిన ఆ అధ్యయనంలో, ఫలానా అంకె దగ్గర ప్రమాదం మొదలవుతుందని చూపే గీత ఏదీ కనబడలేదు. చక్కెర పెరిగేకొద్దీ బిడ్డ బరువు, కాన్పు చిక్కులు మెల్లమెల్లగా పెరుగుతూనే పోయాయి. కనుక గీత గీసింది మనుషులే. ఒక్క అంకె తక్కువగా వచ్చిందని గుండె మీద చేయి వేసుకుని నిద్రపోవడం కూడా అంత తెలివైన పని కాదు.

మన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేసేది దీనికన్నా తేలికైన పరీక్ష. చెన్నైకి చెందిన వైద్యుడు వి. శేషయ్య, ఆయన సహచరులు రూపొందించిన పద్ధతి అది. ఆయన పుట్టినరోజైన మార్చి 10ని మన దేశంలో గర్భకాలపు మధుమేహ అవగాహన దినంగా పాటిస్తున్నారు. తిన్నా తినకపోయినా సరే, 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి రెండు గంటల తరువాత ఒక్కసారి రక్తం తీస్తారు; 140 వస్తే గర్భకాలపు మధుమేహం ఉన్నట్టే. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, అప్పుడు సరిగా ఉంటే 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయాలన్నది నియమం. ఇది కొన్ని కేసుల్ని వదిలేస్తుందని విమర్శించే వైద్యులున్నారు, ఆ విమర్శ నిరాధారమైనది కాదు. అయినా చంద్రగిరి అవతలి పల్లె నుంచి వేవిళ్ల కడుపుతో, పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా పల్లెవెలుగు బస్సులో నిలబడి రావలసిన మనిషిని తలచుకుంటే, పరగడుపు అక్కరలేని పరీక్షే ఎక్కువమందికి అందుతుందన్న వాదన వైపే నేను మొగ్గుతాను. చేయని పరీక్ష ఎంత కచ్చితమైనదైతే ఏం లాభం?

పరీక్ష కాగితం ఇంటికి వచ్చాక మొదలయ్యేది విచారణ. ‘ఏం తిన్యావు?’ తిరుపతిలో ఈ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది, లడ్డు. నిజమే, దర్శనానికి వచ్చి పోయే చుట్టాల పుణ్యమా అని మా ఇంట్లో లడ్డు లేని వారం ఉండదు. కానీ ఆ జబ్బు లడ్డు తిన్నందుకు వేసిన శిక్ష కాదు. కుటుంబంలో మధుమేహం ఉండటం, వయసు, శరీరపు తత్వం, ఇవన్నీ ముందే కూడి ఉంటాయి. ‘నువ్వు సన్నగా ఉంటావు, నీకు షుగరేంది’ అన్నవాళ్లకు నేనప్పుడు జవాబు చెప్పలేకపోయాను. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం చేసిన పరిశోధనను తరువాత చదివాను. అక్కడి శిశువులు సగటున 2.7 కిలోల బరువుతో, ఇంగ్లండు శిశువుల సగటు 3.5 కిలోలకన్నా ఎంతో చిన్నగా పుట్టినా, ఒంట్లో కొవ్వు మాత్రం ఆ తక్కువ బరువుకు తగినట్టు తగ్గలేదు, తగ్గింది కండే. సన్నదనం మనవాళ్లకు అభయహస్తం కాదని అప్పుడు అర్థమైంది.

లడ్డుకన్నా పెద్ద సంగతి మా ఇంటి గడియారం. తిరుపతిలో కాపురం అంటే సగం సత్రం నడపడమే. కొండ దిగి పదకొండుకొకరు, మూడింటికొకరు వస్తారు. వాళ్లందరికీ వడ్డించాక కోడలు తింటుంది. పొద్దున ఎనిమిదికి రెండు దోశలు, మళ్లీ మధ్యాహ్నం మూడింటికి ఆకలి తట్టుకోలేక కుప్పగా అన్నం, అది నా రోజు. గర్భిణి మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడు చిరుతిండ్లు, వేళ తప్పకుండా తినాలని డాక్టరమ్మ చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీని పాటించవలసింది నేనొక్కదాన్నేనని ఇంటిల్లిపాదీ అనుకున్నారు, మొదట నేనూ అలాగే అనుకున్నాను. వంట ఎవరి చేతిలో ఉందో, ముందు ఎవరి కంచంలో పడుతుందో తేలకుండా ఆ చీటీకి విలువ లేదు. చివరికి ఈ సంగతి గట్టిగా మాట్లాడింది మా మామగారు; ఆయనకు పదేళ్లుగా షుగరు. ఒంటిగంటకు కోడలు తినాలి, చుట్టాలు ఆ తరువాత, అని ఆయన అన్న రోజున ఎవరి ముఖాలు ఎలా ఉన్నాయో చెప్పను.

‘వట్టి మనిషివి కావు, ఇద్దరి తిండి తినాల’ అన్నది మరో మాట. నాలుగో నెల నుంచి గర్భిణికి రోజుకు అదనంగా కావలసింది సుమారు 350 కిలోక్యాలరీలని మన జాతీయ పోషకాహార ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే సుమారు రెండు దోశలు, కాస్త చెనిక్కాయల చట్నీ. రెండో మనిషి ఇంకా అంత చిన్నది.

రాగి సంగటి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతంలో షుగరు అనగానే అందరూ చేయి చూపేది దాని వైపే. ‘అన్నం మాను, సంగటి తిను’ అంటారు, అని పిల్ల తలకాయంత ముద్ద కంచంలో పెడతారు. రాగుల్లో పీచు, సున్నం మెండుగా ఉన్న మాట నిజమే. కానీ రాగుల్లోనూ పిండిపదార్థం బియ్యానికి మరీ తక్కువేం కాదు, పైగా మన సంగటిలో నూకలో బియ్యమో పడనిదే పొందిక రాదు. నేను ముద్ద తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరులో 146 చూసి, మీటరు చెడిపోయిందనుకున్నాను. మరునాడు అందులో సగం ముద్ద, దానికి తోడు గిన్నెడు ఆకుకూర పప్పు, ఉడికిన గుడ్డు తింటే 117 వచ్చింది. బెల్లం వేసిన రాగి జావ సంగతి చెప్పనే అక్కరలేదు; మెత్తటి పిండి, నీళ్లలా పలచన, ఆపైన బెల్లం, ఇక అది రక్తంలోకి చేరడానికి ఎంతసేపు? అనపకాయల కాలం అయి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. మే నెలలో దొరికిన అలసందలతోనూ మునగాకుతోనూ సరిపెట్టుకున్నాను. కూర, పప్పు ముందు తిని, అన్నమో సంగటో చివర తినడం, తిన్నాక పావుగంట నడవడం, ఈ రెండూ ఖర్చు లేని పనులు, మీటరులో తేడా కనిపించే పనులు. రాత్రి అన్నం తిన్నాక ఆయనా నేనూ కపిలతీర్థం రోడ్డు మీద నడిచేవాళ్లం. అదే మాకు ఆ మూడు నెలల్లో మిగిలిన సరదా.

అప్పుడే దామలచెరువు మార్కెట్టుకు మామిడికాయలు తోలే రోజులు. మా తోటలో బేనిషా పండ్లు మాగుతున్నాయి. కడుపుతో ఉన్న ఆడబిడ్డ అడిగింది పెట్టకపోతే పుట్టే బిడ్డకు చెవిలో చీము కారుతుందని మా అవ్వ నమ్మకం. గంప నింపి తిరుపతికి పంపింది. వాటిలో ఒక్కటీ తినలేదని చెబితే ఎవరూ నమ్మరు, నమ్మవలసిన పనీ లేదు. ఒక సంగతి ఒప్పుకోవాలి: మరునాడు డాక్టరమ్మ దగ్గర మంచి అంకె చూపించాలని ముందు రాత్రి నేను అన్నం మానేసేదాన్ని. పరీక్షకు ముందు రాత్రి మాత్రమే చదివే పిల్లల బుద్ధి అది. మూడోసారి ఆవిడ నా కళ్లలోకి చూసి, ‘అంకె నాకోసం కాదమ్మా’ అన్నారు. కడుపు మాడ్చుకుంటే ఒంట్లోని కొవ్వు కరిగి కీటోన్లు తయారవుతాయి, అవి బిడ్డకు మంచివి కావు. ఆవిడ తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో.

రెండు వారాల పథ్యం తరువాత కూడా తిన్న రెండు గంటల అంకె 120 లోపు, పరగడుపు అంకె 95 లోపు రాకపోతే మందు మొదలుపెట్టాలి. నాకు రాలేదు, ఇన్సులిన్ రాశారు. ఇంట్లో ఏడుపులు. సూది మొదలైతే చచ్చేదాకా వదలదని మా పెద్దమ్మ. దీనికి జవాబు ఇన్సులిన్‌లోనే ఉంది. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయను దాటి బిడ్డను చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. చక్కెర వరదలా వచ్చిపడితే బిడ్డ క్లోమమే ఇన్సులిన్ తయారుచేసుకోవాలి. ఆ ఇన్సులిన్ బిడ్డను లావు చేస్తుంది, భుజాలు వెడల్పై కాన్పు కష్టమవుతుంది. డెన్మార్క్ వైద్యుడు పెడర్సన్ 1950ల్లోనే వివరించిన సంగతి ఇది. అందువల్ల నేను పొడుచుకునే సూది బిడ్డకు మందు పోయడం కాదు, బిడ్డ మీద పడే బరువును నా మీదికి తీసుకోవడం. మెట్‌ఫార్మిన్ మాత్రలు కూడా వాడతారు. అవి మాయను దాటతాయి కనుక ఎవరికి ఏది అన్నది డాక్టరు నిర్ణయించవలసిందే. వణుకు, చెమట పట్టి చక్కెర 70 కన్నా కిందికి పడిపోతే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగాలని నేర్పారు. ఆ పొట్లం నా సంచిలో మూడు నెలలు అలాగే ఉండిపోయింది.

ఆగస్టులో కాన్పయింది. పాప 3.3 కిలోలు. బొడ్డు కోసిన క్షణం నుంచి తల్లి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లోని ఇన్సులిన్ మాత్రం ఇంకా మిగిలి ఉంటుంది. అందుకే ఇటువంటి బిడ్డల చక్కెర తొలి గంటల్లో పడిపోయే భయం ఉంది. మడమ నుంచి చుక్క రక్తం తీసి చూశారు, తొలి గంటలోనే ముర్రుపాలు పట్టించారు. తేనె నాకిస్తామని వచ్చిన వాళ్లను నర్సమ్మ గది బయటే ఆపేసింది. నా ఇన్సులిన్ ఆ రోజే ఆగిపోయింది. మూడో రోజు పరగడుపున 88. ‘చెప్పలా, పోయింది’ అంది మా అమ్మ, ఆమె ముఖం వెలిగిపోయింది. నేనూ నమ్మాను.

నా అసలు ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది. ఆసుపత్రి పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక ఆసుపత్రి తప్పుగా నాకు తోచదు. ఇంటికి పంపే కాగితంలో పాప టీకాల తేదీలు ఉన్నాయి, నా కుట్లు ఎప్పుడు చూపించుకోవాలో ఉంది, ఇనుము మాత్రలు ఉన్నాయి. ఆరు వారాలకు నేను మళ్లీ 75 గ్రాముల గ్లూకోజు తాగి పరీక్ష చేయించుకోవాలన్న వాక్యం లేదు. ఉండాలి. ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఆ పరీక్ష ఉంది. పరగడుపు అంకె 126 గాని, రెండు గంటల అంకె 200 గాని దాటితే మధుమేహం; రెండు గంటల అంకె 140, 200 మధ్య ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను కాన్పు కొత్తలో నమ్మలేం, రక్తం పోయి, రక్తహీనత ఉన్న ఒంట్లో అది తప్పు చెబుతుంది. అందుకే మళ్లీ ఆ గ్లూకోజు నీళ్లే తాగాలి.

నేను పుట్టింటికి వెళ్లాను. బాలింతకు బలం రావాలని శొంఠి, పిప్పళ్లు, నెయ్యి, బెల్లంతో చేసిన కాయం ముద్ద రోజూ పొద్దున నోట్లో పెట్టేవారు. సరిగ్గా ఆరు వారాలకు పాపను ఒళ్లో పెట్టుకుని ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్లాను, ఎందుకంటే పెంటావాలెంట్ టీకా మొదటి మోతాదు ఆరు వారాలకే. బల్ల మీద బిడ్డ, బల్ల పక్కన తల్లి. తల్లికి చేయవలసిన పరీక్ష వేళ కూడా ఆ రోజే, ఆ గంటే; కార్డు మీద పేరు కూడా ఇద్దరిదీ, మాతా శిశు సంరక్షణ కార్డు అంటారు దాన్ని. టీకా వేసిన చోటే రెండు గంటలు కూర్చోబెట్టి తల్లికి గ్లూకోజు నీళ్లు తాగించడానికి కొత్త పథకం అక్కరలేదు, కొత్త భవనం అక్కరలేదు. ఆ పని జరగకపోవడానికి నాకు కనిపించే కారణం ఒక్కటే: అప్పటికి తల్లి వార్త కాదు. పురుడు గడిచింది, జబ్బు పోయింది, ఇక బిడ్డదే లెక్క.

అయిదేళ్లకు, 2021లో, కంటి డాక్టరు దగ్గరికి అద్దాల కోసం వెళితే షుగరు చూపించుకోమన్నారు. పరగడుపున 154. ఎన్నాళ్లుగా ఉందో చెప్పేవారు లేరు, నేను చూసుకోలేదు కనుక. గర్భకాలపు మధుమేహం వచ్చిన స్త్రీలకు టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం, రానివారికంటే సుమారు ఏడు రెట్లని 2009లో ఒక విశ్లేషణ తేల్చింది; 2020లో వచ్చిన మరొకటి దాదాపు పది రెట్లంది. ఆ లెక్కల్లో నేనొక దాన్ని.

ఇదంతా చెబితే బాలింతల్ని భయపెట్టడం కాదా అని నా స్నేహితురాలు ఒకామె అడిగింది. ఓదార్పు అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. ఆ మే నెల సాయంత్రం మా అమ్మ ఆ మాట అనకపోతే నేను మరింత ఏడ్చేదాన్ని. కానీ భయపెట్టడం, గడువు చెప్పడం ఒకటి కావు. మధుమేహానికి దగ్గరగా వచ్చి ఆగిన వాళ్ల మీద అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధనలో, గర్భకాలపు మధుమేహం వచ్చి పోయిన స్త్రీలు తిండి, నడక మార్చుకుంటే మధుమేహం వచ్చే అవకాశం సగానికి తగ్గింది. మెట్‌ఫార్మిన్‌తోనూ దాదాపు అంతే తగ్గింది. ముందే తెలిసినవాళ్లకు అంత వెసులుబాటు ఉంది. ఆ అయిదేళ్లలో నాకు దొరకవలసిన వెసులుబాటు అది. ‘పోతాదిలే’ అన్న మాట దాన్ని నా చేతికి రాకుండా చేసింది.

గత ఏడాది మా తమ్ముడి భార్యకు ఏడో నెలలో అదే జబ్బు తేలింది. అదే ఇల్లు, అదే అవ్వ, ఈసారి మామిడిపండ్లు లేవు, అంతే తేడా. కాన్పయి ఇంటికి వచ్చిన రోజునే ఆమె కార్డులో పాపడి ఆరు వారాల టీకా తేదీ పక్కన ఎర్ర సిరాతో ‘తల్లికి గ్లూకోజు పరీక్ష’ అని రాశాను. ఆ పొద్దున పరగడుపున బయలుదేరాం. పాలసీసా, గుడ్డలు ఉన్న సంచిలోనే గ్లూకోజు పొట్లం, ఒక నిమ్మకాయ పెట్టాను. పిల్లవాడు టీకా పొడిచాక ఏడ్చి నిద్రపోయాడు. మేమిద్దరం ఊరి ల్యాబు బల్ల మీద రెండు గంటలు కూర్చున్నాం, ఆమె ఆవులిస్తూ ‘వదినా, ఇంకెంతసేపు’ అని మూడుసార్లు అడిగింది. రెండు గంటల అంకె 131.

ఇంటికి రాగానే మా అమ్మ వాకిట్లోనే అడిగింది, ‘పోయిందా?’

‘ఈ ఏటికి లేదుమా. మళ్లా వచ్చే ఏడు చూపించుకోవాల’ అన్నాను.